వానదేశంలో రాతి కప్పులు

జూన్ 4, మంగళవారం: బోయిన్ లోయ

డబ్లిన్‌లో ఉంటున్న మా అమ్మాయీ అల్లుడూ వారం రోజులు సెలవు పెట్టి, నన్నూ నా భార్యనూ కారులో తిప్పి ఐర్లండ్ పాత కట్టడాలు చూపిస్తామన్నప్పుడు, తొలిరోజే 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాల రోజు అవుతుందని మాలో ఎవరమూ చూసుకోలేదు. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి, లెక్కింపు మొదలయ్యేసరికి మాకు తెల్లవారుజామున మూడున్నర. మామా అల్లుళ్లం నిద్ర మానుకొని ఫోన్లు పట్టుకు కూర్చున్నాం. న్యూగ్రేంజ్ సందర్శకుల కేంద్రానికి చేరేసరికి ఫలితం తేలిపోయింది గానీ, మా ఇద్దరి కళ్లూ మూతలు పడుతున్నాయి.

ఆ నిద్రమత్తు ఎంతోసేపు నిలవలేదు. బోయిన్ నది మీది కాలినడక వంతెన దాటి, అవతల ఎదురుచూస్తున్న చిన్న బస్సెక్కి వెళ్తే, పచ్చిక కప్పుకున్న పెద్ద దిబ్బ ఒకటి కనిపిస్తుంది. దాని వ్యాసం సుమారు 85 మీటర్లు. చుట్టూ 97 బండలు అంచుకట్టులా నిలబడి ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో, అంటే గీజా పిరమిడ్లకు ఆరు వందల ఏళ్ల ముందు, లోహపు పనిముట్టు ఎరుగని రైతులు దీన్ని సమాధిగా కట్టారు. తల వంచి, భుజాలు ముడుచుకొని, పందొమ్మిది మీటర్ల ఇరుకు దారిలో నడిస్తే లోపలి గది వస్తుంది. అక్కడ తలెత్తి చూసినవాణ్ణి చాలాసేపు దించలేకపోయాను. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు రోడ్లు, భవనాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు పైకప్పు మీదికే పోతుంది. ఒక్కొక్క వరుస రాయినీ కింది వరుసకన్నా కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకుంటూ పోయి, ఆరు మీటర్ల ఎత్తున ఒకే ఒక మూతరాయితో ముగించారు. సున్నం లేదు, గచ్చు లేదు. దారి మీది కప్పుబండలపై వాననీరు పక్కలకు జారిపోయేలా సన్నని గాడులు చెక్కారనీ, సందుల్లో కాల్చిన మట్టినీ సముద్రపు ఇసుకనూ కూరారనీ గైడు చెప్పింది. గది కప్పును ఇంతవరకు ఎవరూ బాగుచేయలేదట, అవసరం రాలేదు కనుక.

"అయిదు వేల ఏళ్లు చుక్క కారలేదట. మీరు దగ్గరుండి కట్టించిన మన మెట్లగదికి ఇరవై ఎనిమిదేళ్లలో మూడుసార్లు మందు పూయించాం" అని నా భార్య చెవిలో అంది. నేను వినిపించుకోనట్టు నిలబడ్డాను.

అంతలో దీపాలు ఆర్పేశారు. శీతకాలపు అయనాంతం రోజుల్లో, డిసెంబరు 21 అటూఇటూగా, ఉదయించే సూర్యుడి కిరణం వాకిలి పైనున్న చిన్న కిటికీలాంటి సందులోంచి దూరి, దారి పొడవునా పాకుతూ ఈ గది నేల మీదికి వస్తుంది. పదిహేడు నిమిషాలు ఉండి వెళ్లిపోతుంది. ఆధునిక కాలంలో దీన్ని మొదట కనిపెట్టి నమోదు చేసినవాడు, ఇక్కడ తవ్వకాలు జరిపిన మైఖేల్ ఒకెల్లీ. 1967 డిసెంబరు 21న ఒంటరిగా లోపల కూర్చొని చూశాడు. ఇప్పుడు ఆ ఉదయాన లోపలికి వెళ్లడానికి లాటరీ తీస్తారు. మాకు విద్యుద్దీపంతో ఆ వెలుగును నటింపజేసి చూపారు. నటనే అయినా, చీకట్లో పసుపు గీత ఒకటి పాదాల దగ్గరికి జరుగుతూ వస్తుంటే, శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాళ్లం మాకు అరసవల్లి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? మార్చిలోనూ అక్టోబరులోనూ స్వామి పాదాలను తాకే కిరణం కోసం తెల్లవారకముందే వరుసలో నిలబడ్డ చిన్నతనం గుర్తొచ్చింది. నా భార్య అప్పటికే చేతులు జోడించింది. పక్కనున్న జర్మన్ దంపతులు ఆమెను చూసి, ఏదో ఆచారం కాబోలనుకొని తామూ తలలు వంచారు.

బయటికి వచ్చాక ఒక్క విషయం నాకు నచ్చలేదని చెప్పాలి. వాకిలికి రెండు పక్కలా నిట్టనిలువుగా లేచిన తెల్లని పలుగురాళ్ల గోడ అయిదు వేల ఏళ్లనాటిది కాదు. నేల మీద పడి దొరికిన రాళ్లను ఒకెల్లీ తన అంచనా ప్రకారం, వెనక ఉక్కు, కాంక్రీటు ఆధారంతో నిలబెట్టించాడు. పక్కనే ఉన్న నౌత్ దిబ్బ దగ్గర అవే పలుగురాళ్లను నేల మీద పరుపులా పరిచి ఉంచారు. రెండిట్లో ఏది నిజమో తేల్చడానికి నేను పురావస్తు శాస్త్రవేత్తను కాను. కాని అంత నిలువు గోడ కాంక్రీటు ఆసరా లేకుండా ఆ దిబ్బ బరువును ఆపిందంటే మా శాఖలో ఎవరూ సంతకం పెట్టరు.

భోజనం కేంద్రంలోనే అయింది. కూరగాయల సూపు, గోధుమరంగు సోడా రొట్టె రెండు ముక్కలు, ఉప్పువెన్న కలిపి తొమ్మిది యూరోలు. మన లెక్కలో ఎనిమిది వందల రూపాయలు. ధర విని నా భార్య సూపును కళ్లకద్దుకొని తాగింది. ప్రభుత్వ కట్టడాలన్నిటికీ ఏడాది పాటు చెల్లే హెరిటేజ్ కార్డు పెద్దవయసువారికి అప్పట్లో 30 యూరోలే కాబట్టి, ఆ ఖర్చును అందులో రాబట్టుకోవచ్చని ఆమెకు నచ్చజెప్పాను.

సాయంత్రం మొనాస్టర్‌బోయిస్. టికెట్టు లేదు, కాపలా లేదు. గ్రామ శ్మశానంలో కొత్త సమాధుల మధ్య పదో శతాబ్దపు రాతి శిలువలు నిలబడి ఉన్నాయి. మ్యూరెడాక్ శిలువ అయిదున్నర మీటర్ల ఎత్తు. చదువురాని భక్తులకు కథ చెప్పడానికి దాని ప్రతి ముఖాన్నీ గళ్లుగా విడదీసి బొమ్మలు చెక్కారు: ఆదాము, అవ్వ, తీర్పురోజున ఆత్మలను తూచే త్రాసు. అడుగున రెండు పిల్లులు. అన్నిటికన్నా పైన, శిలువ నెత్తిన, పెంకుల వరుసలతో సహా చెక్కిన బుల్లి ఇంటికప్పు ఒకటుంది. శిలువకు కూడా వాన తగలకూడదనుకున్నారు ఆ శిల్పులు.

జూన్ 5, బుధవారం: గ్లెండలాక్

విక్లో కొండల్లో రెండు సరస్సుల లోయ ఇది. ఐరిష్ పేరుకు అర్థమే అది. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ అనే తపస్వి ఏకాంతం కోసం వచ్చాడు. ఏకాంతం కోరినవాడి చుట్టూ ఊరే వెలిసింది. అది మన కథల్లోనూ జరిగేదే. చాచిన అరచేతిలో నల్లపిట్ట గుడ్లు పెడితే, అవి పిల్లలయ్యేదాకా చెయ్యి కదపలేదని ఆయన గురించి చెప్పుకుంటారు.

పొద్దున్నుంచీ వాన పడుతోందో లేదో తెలియనట్టు పడుతోంది. జల్లు అనడానికి లేదు, ముసురు అనడానికీ లేదు; గొడుగు తెరిస్తే సిగ్గు, మూస్తే తడుపు. కార్లు నిలిపేచోట మనిషి ఆకాశం వైపు చూసి "సాఫ్ట్ డే" అన్నాడు. మెత్తని రోజట! ఈ దేశంలో వానను తిట్టరు, ముద్దుపేరు పెట్టి పిలుస్తారు. ఎలా ఉన్నావంటే "గ్రాండ్", టీ కావాలా అంటే "గ్రాండ్", కారు బురదలో దిగబడిందంటే కూడా "గ్రాండ్".

ముప్పై మీటర్ల గుండ్రని గోపురం ఫొటోలన్నిటిలోనూ ఉంటుంది. దాని వాకిలి నేలకు మూడున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. నిచ్చెన వేసుకొని ఎక్కాలి. శంఖాకారపు నెత్తిభాగాన్ని పడిపోయిన పాత రాళ్లతోనే 1876లో తిరిగి కట్టారు. నాకు మాత్రం అంతకన్నా కాస్త అవతలున్న చిన్న గుడి నచ్చింది. కప్పు మీది గంటగోపురం పొగగొట్టంలా కనిపిస్తుందని దాన్ని జనం 'సెయింట్ కెవిన్ వంటిల్లు' అంటారు. కప్పంతా రాయే, మన పాత పెంకుటింటికన్నా నిటారైన వాలు. అంత బరువైన రాతి వాలు నడుమ కుంగకుండా, దాని కింద కమాను ఒకటి కట్టి, రెంటి మధ్య అటకలాంటి ఖాళీ వదిలారు. లోపలికి వెళ్లనివ్వరు, తలుపు కటకటాల్లోంచి నేను టార్చి వేసి చూస్తుంటే, నన్ను చూసి మరో పదిమంది చేరారు, అక్కడేదో విశేషం ఉందనుకొని.

పై సరస్సు గట్టున కంటికి ఆనని దోమలు కమ్ముకున్నాయి. అమ్మాయి వాటిని మిడ్జీలంది. తెచ్చుకున్న పులిహోర నిలబడి, నడుస్తూ, చేతులు విసురుకుంటూ తిన్నాం.

జూన్ 6, గురువారం: క్యాషెల్

టిప్పరరీ మైదానంలో ఉన్నట్టుండి లేచిన సున్నపురాతి గుట్ట. దూరాన ఉన్న కొండను దయ్యం కొరికి ఇక్కడ ఉమ్మిందని కథ. ఆ కొండకు ఇప్పటికీ దయ్యపు కాటనే పేరు. మన్‌స్టర్ రాజుల కోటగా ఉన్న ఈ గుట్టను 1101లో మూర్‌హెర్తాఖ్ ఓబ్రయన్ అనే రాజు చర్చికి ధారపోశాడు. మాన్యాలు దేవుడికి ఇవ్వడంలోని పుణ్యంతో పాటు, ప్రత్యర్థి వంశం దాన్ని తిరిగి ఆక్రమించుకోలేదన్న లెక్క కూడా అందులో ఉందని గైడు నవ్వుతూ అంది. మన శాసనాలు చదివినవారికి ఈ లెక్క కొత్త కాదు.

నేను వచ్చింది కార్మాక్ ప్రార్థనాలయం కోసం. 1127లో మొదలై 1134లో ప్రతిష్ఠ జరిగిన ఇసుకరాతి కట్టడం. నిన్నటి 'వంటింటి'కి పెద్దన్నలాంటి రాతి కప్పు, కిందా పైనా కమానులు. అయితే ఇక్కడ కథ అడ్డం తిరిగింది. ఇసుకరాయి నీళ్లు తాగుతుంది. శతాబ్దాల వానకు గోడలూ కప్పూ నానిపోయి, పన్నెండో శతాబ్దపు కుడ్యచిత్రాలు లోపల చెమర్చసాగాయి. చివరికి కట్టడం మొత్తాన్నీ పెద్ద గుడారం కింద పెట్టి కొన్ని సంవత్సరాలపాటు ఆరబెట్టారు. తడిసిన బట్ట ఆరేసినట్టు ఒక గుడిని ఆరేయడం నా ఉద్యోగ జీవితంలో వినలేదు. మా శాఖలో అయితే మొదటి వానాకాలానికే పైన సిమెంటు పూత పూసి, బిల్లు పెట్టి, చెమ్మను లోపలే బంధించి ఉండేవాళ్లం. నేనూ అలాంటి అంచనాలు రాసినవాణ్ణే. ఇప్పుడు లోపలికి చిన్న చిన్న జట్లుగా, గైడు వెంట మాత్రమే పంపుతారు. మన ఊపిరిలోని తడి కూడా ఆ బొమ్మలకు చేటు. మా జట్టులో ఒకాయన దగ్గు వచ్చి, సిగ్గుపడి తనంతట తాను బయటికి వెళ్లిపోయాడు.

దాన్ని ఆనుకొని ఉన్న పదమూడో శతాబ్దపు మహాలయానికి కప్పే లేదు. 1647లో దాడికి వచ్చిన సైన్యం లోపల దాక్కున్నవారిని ఊచకోత కోసింది. 1749లో ఆర్చిబిషప్పు గుట్ట ఎక్కడం మానేసి ఊళ్లోకి మారిపోయాడు. తర్వాత కప్పు పోయింది. కప్పు పోయిన గుడికి కాకులే భక్తులు.

ఊళ్లో క్యాషెల్ బ్లూ అనే జున్ను రుచి చూడకుండా వెళ్లవద్దన్నారు. నీలిరంగు బూజు చారలతో ఉంటుంది. నాకు రెండో ముక్కకు రుచి తెలిసింది. నా భార్య డబ్బాకు రెండు కవర్లు చుట్టి, కారు డిక్కీలో మా చెప్పుల పక్కన పెట్టించింది.

జూన్ 7, 8: పోర్ట్‌మగీ

దారి పొడవునా ప్రతి దీపస్తంభానికీ నవ్వుతున్న ముఖాల పోస్టర్లు. మన ఎన్నికల నుంచి తప్పించుకున్నామనుకుంటే, శుక్రవారం ఇక్కడ స్థానిక సంస్థలకూ యూరోపియన్ పార్లమెంటుకూ పోలింగు. మేం దిగిన ఇంటి యజమానురాలు ఓటు వేసి వచ్చి, చాంతాడంత బ్యాలెట్ కాగితం మీద పెన్సిలుతో ఒకటి, రెండు, మూడు అని తమకు నచ్చిన వరుసలో అంకెలు వేస్తామని వివరించింది. వేలికి సిరా పెట్టరా అని నా భార్య ఆశ్చర్యపోయింది. మే నెలలో విశాఖలో పెట్టించుకున్న చుక్క తన గోటి మీద ఇంకా మిగిలి ఉంటే చూపించింది. ఇంటావిడ ఆ వేలిని పట్టుకొని నగను చూసినట్టు చూసింది.

శనివారం ఉదయం నేనూ అల్లుడూ పడవలో స్కెల్లిగ్ మైఖేల్‌కు వెళ్లాలి. తీరానికి దాదాపు 12 కిలోమీటర్ల దూరాన సముద్రంలో 218 మీటర్ల ఎత్తు లేచిన రాతి శిఖరం. పైన సన్యాసులు సున్నం లేకుండా పేర్చిన ఆరు తేనెతుట్టె గుడిసెలు, వాననీటిని పట్టి దాచుకున్న తొట్లు. 824లో వైకింగులనే ఓడదొంగలు వచ్చి మఠాధిపతి ఎట్‌గల్‌ను ఎత్తుకుపోగా, ఆయన ఆకలిదప్పులతో చనిపోయాడని ఐరిష్ వృత్తాంతాల్లో ఉంది. పైకి చేరడానికి 618 రాతి మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఏడు గంటలకు పడవవాడి నుంచి ఫోను: అలలు పెద్దవిగా ఉన్నాయి, ఈ రోజు దిగడం కుదరదు. మనిషికి నూరు యూరోల పైచిలుకు కట్టిన సొమ్ము వెనక్కి ఇచ్చేశాడు. అల్లుడి ముఖం చిన్నబోయింది. "మావయ్యగారూ, మళ్లీ వచ్చినప్పుడు తప్పకుండా వెళ్దాం" అని నన్నే ఓదార్చాడు. నేను విచారం నటించాను. నా మోకాళ్లు మాత్రం ఆ సముద్రానికి లోలోపల దండం పెట్టుకున్నాయి.

వంతెన దాటి వాలెంటియా ద్వీపంలో ఒక కొండకొమ్ము ఎక్కితే ఆ శిఖరమూ దాని చిన్న తోడూ రెండు ముక్కోణాలుగా కనిపించాయి. అరగంట చూశాం. మధ్యాహ్నం చేపలూ పాలమీగడా వేసి కాచిన చౌడర్ తాగాను. పోయిన యాత్ర బాధను అల్లుడు కూడా రెండు గిన్నెల్లో మరిచిపోయాడు.

జూన్ 9, ఆదివారం: గాలరస్

డింగిల్ ద్వీపకల్పపు పడమటి కొస ఐరిష్ మాట్లాడేవారి ప్రాంతం. అక్కడ ఊరి బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి. ఫోను చెప్పే పేరుకూ బోర్డు మీది పేరుకూ పొంతన కుదరక, మేం మలుపు తప్పి, నడుమ గడ్డి మొలిచిన సందులోకి పోయి, చివరికి ఒకరి పశువుల దొడ్లో తేలాం. ట్రాక్టరు మీదున్న రైతు దిగివచ్చి, కోప్పడతాడేమోనని మేం బిక్కచచ్చి చూస్తుంటే, ముందు ఏ దేశమని అడిగి, తర్వాత వాతావరణం గురించి మాట్లాడి, ఆ తర్వాత టీ తాగుతారా అని అడిగి, అన్నీ అయ్యాక దారి చెప్పాడు. ఇక్కడి సందుల్లో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీంచి చూపుడువేలొకటి ఎత్తి పలకరిస్తాడు. రెండో రోజుకు అల్లుడికీ అలవాటైపోయింది. వెనకసీట్లోంచి నేనూ వేలెత్తడం మొదలుపెట్టాను.

గాలరస్ ప్రార్థనాలయం బోర్లించిన పడవలా ఉంటుంది. ఏడు నుంచి పన్నెండో శతాబ్దం దాకా ఏ కాలానిదన్న వాదన ఇంకా తెగలేదు. గోడ ఎక్కడ ఆగిందో, కప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. న్యూగ్రేంజ్ దిబ్బలో దాగిన విద్యే ఇక్కడ ఆరుబయట కనిపిస్తుంది: వరుస వరుసకూ లోపలికి జరిపి పేర్చడం. నేను వేళ్లతో తడిమి చూశాను. ప్రతి రాయీ బయటి వైపుకు రవ్వంత వాల్చి ఉంది, పడిన చినుకు లోపలికి కాక బయటికే జారేలా. నడినెత్తిన కప్పు కొద్దిగా కుంగింది గాని, మేం లోపల ఉండగా కురిసిన జడివానకు నేల మీద ఒక్క మచ్చ కూడా పడలేదు. పదిమంది ముక్కూమొహం తెలియనివాళ్లం అరగంట ఆ ఇరుకులో నిలబడ్డాం; ఎవరో బిస్కెట్లు పంచారు. వెనక గోడకు జానెడంత కిటికీ ఉంది. అందులోంచి దూరి బయటికి వచ్చినవాడి పాపాలు పోతాయట. అందరం కిటికీ వైపూ, ఒకరి పొట్ట వైపు ఒకరూ చూసుకొని నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం పచారీ కొట్లో నా భార్యకు నిధి దొరికింది: రొట్టెల పిండిలో కలపడానికి అమ్మే మజ్జిగ, అర లీటరు డబ్బాలో. దానిలో నీళ్లు, ఉప్పు, సూట్‌కేసులోని ఎండు కరివేపాకు వేసి ఇచ్చింది. గదిలో నలుగురం రెండేసి గ్లాసులు తాగాం. ఐర్లండ్‌లో తిన్నవాటిలో నీకేం నచ్చిందని ఎవరడిగినా ఆమె ఇప్పటికీ ఈ మజ్జిగే చెబుతోంది.

జూన్ 10, సోమవారం: బరెన్

పడవ మీద కారుతో సహా షానన్ ముఖద్వారం దాటి క్లేర్ చేరాం. పగిలిన బూడిదరంగు సున్నపురాతి నేల, పగుళ్లలో నీలిపూలు. పౌల్‌నబ్రోన్ దగ్గర నిలువుబండల మీద పెద్ద పలకరాయి ఒరిగి ఉంది. చూడగానే నేను "రాకాసి గుడి!" అన్నాను. తెలంగాణలో ఇలాంటి కట్టడాలను రాకాసి గుళ్లనే అంటారు. ఖమ్మంలో పనిచేసిన రోజుల్లో జానంపేట అడవిలో చూశాను. ఇక్కడ ఒక నిలువురాయి బీటవారినందున 1986లో బాగుచేస్తూ తవ్వితే, అయిదు వేల ఏళ్లకు పైబడిన మనుషుల ఎముకలు బయటపడ్డాయి. చుట్టూ తాడు కట్టారు. గాలి మనిషిని తోసేస్తోంది. పది నిమిషాల్లో కారెక్కాం.

జూన్ 11, మంగళవారం: క్లోన్‌మక్‌నోయిస్

షానన్ ఒడ్డున 544లో సెయింట్ కీరన్ స్థాపించిన మఠం. వానకు అరిగిపోతున్నాయని అసలు శిలువలను లోపలికి చేర్చి, వాటి చోట్లలో నకళ్లు నిలిపారు. పెద్ద గోపురం నెత్తిని 1135లో పిడుగు కొట్టేసింది. ఒడ్డుకు దగ్గర్లో చిన్న గుడికి అతుక్కున్న ఇంకో గోపురం మాత్రం నెత్తిన టోపీతో సహా నిలిచి ఉంది. ఆ టోపీ రాళ్లను చేపముల్లులా ఏటవాలు వరుసల్లో పేర్చారు. నేను దాన్ని నోటుబుక్కులో గీసుకుంటుంటే అమ్మాయి పిలిచింది.

కప్పులేని మహాలయానికి చెక్కుడు తోరణాల వాకిలి ఉంది. తోరణపు గాడిలో ఒక పక్కన నోరు పెట్టి గుసగుసగా మాట్లాడితే, అవతలి పక్కన చెవి ఆనించినవారికి స్పష్టంగా వినిపిస్తుంది. కుష్ఠురోగులు దూరం నుంచే తమ పాపాలను ఇలా చెప్పుకునేవారట. నన్ను ఒక పక్కన నిలబెట్టి, నా భార్య రెండో పక్కకు వెళ్లింది. నలభై ఏళ్ల కాపురంలో ఎన్నడూ చెప్పని మాటేదో చెబుతుందనుకొని చెవి ఆనించాను.

"పక్కింటి వరలక్ష్మి ఫోను చేసింది. విశాఖలో వానలు పడ్డాయట. మెట్లగది మళ్లీ కారుతోందట."

నేను ఇవతలి నుంచి, వాలు సరిగా లేదని ఇప్పుడు తెలిసిందనీ, ఈసారి మందు పూయించననీ, స్లాబు మీది పాత పూత గీకించి, ఆరబెట్టించి, వాలు మార్చి వేయిస్తాననీ చెప్పాను. గుసగుసగా ఎస్టిమేటంతా చెప్పేసరికి కొంచెం సమయం పట్టింది. వెనక వరుసలో మా తర్వాత నిలబడ్డ ఐరిష్ ముసలాయన ఎంతో ఓపికగా ఎదురుచూసి, నేను పక్కకు తప్పుకోగానే, అంత పెద్ద పాపమా అన్నట్టు నా వంక జాలిగా చూశాడు.